ఎంత కనిపిస్తోందో అడిగిన ప్రభువు

మా సంఘంలో ఒక యువకుడున్నాడు. పగటిపూట దూరంగా వస్తున్న బస్సు బోర్డు చక్కగా చదువుతాడు. కాని ఆదివారం మందిరంలోకి వచ్చి, పక్కనే ఉన్న కుర్చీ తగిలి పడిపోతాడు. ‘కనబడనట్టు నటిస్తున్నాడు’ అని కొందరు గుసగుసలాడారు. కాపరిగా నేను వారిని వారించలేదు సరికదా, ఒక ఆదివారం అతణ్ణి మాటమాత్రంగానైనా అడగకుండా అందరి ముందుకూ పిలిచి స్వస్థత కోసం ప్రార్థన చేయించాను. చూపు రాలేదు. ‘విశ్వాసం చాలలేదు’ అన్న మాట మాత్రం ఇంటిదాకా అతని వెంట వెళ్లింది. కొన్ని నెలలపాటు అతడు మందిరానికి రాలేదు.

అతని కళ్ల సంగతి పారాలింపిక్స్ నియమాలు చదివినప్పుడు గాని నాకు బోధపడలేదు. చూపు లోపం ఉన్న క్రీడాకారులందరినీ అక్కడ ‘గుడ్డివారు’ అని ఒకే గాటన కట్టరు. తగిన కళ్లద్దాలు పెట్టి పరీక్షించి మూడు తరగతులుగా విభజిస్తారు. పరుగు పందేల్లో వాటిని టి11, టి12, టి13 అంటారు. బొత్తిగా కనబడనివారు, దాదాపు కనబడనివారు మొదటి తరగతి. కొంత చూపు ఉన్నవారు తక్కిన రెండు తరగతులు. ఎంత స్పష్టంగా కనబడుతుందన్నదే కాదు, ఎంత మేర కనబడుతుందన్నదీ కొలుస్తారు. ఎదురుగా ఉన్నది స్పష్టంగా కనబడినా, చూపు మేర మొత్తం 10 డిగ్రీలలోపే ఉన్నవాడు టి12 కిందికి వస్తాడు. అతడు లోకాన్ని సన్నని గొట్టంలోంచి చూస్తున్నట్టే లెక్క. బస్సు బోర్డు కనిపించి కుర్చీ కనిపించకపోవడం నటన కాదని నాకప్పుడు అర్థమైంది.

ఈ కొలత మనిషి విలువ కట్టడానికి కాదు, అతనికేం కావాలో తెలుసుకోవడానికి. టి11 వారు కళ్లకు గంతలు కట్టుకొని, గైడ్‌తో కలిసి పరుగెత్తాలి. ఒకరికి కాస్త వెలుగు తెలిసినా గంతలతో అందరూ సమానమవుతారు. టి12 వారు కావాలనుకుంటే గైడ్‌ను పెట్టుకోవచ్చు. టి13 వారు ఒంటరిగానే పరుగెత్తుతారు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో మన దేశానికి చెందిన సిమ్రన్ శర్మ టి12 విభాగం 200 మీటర్ల పరుగులో గైడ్ అభయ్ సింగ్‌తో కలిసి పరుగెత్తి కాంస్యం గెలిచింది.

అంధుల క్రికెట్‌లోనూ బి1, బి2, బి3 అనే తరగతులున్నాయి. 11 మందిలో కనీసం నలుగురు బి1 ఆటగాళ్లుండాలి. బి1 ఆటగాడు ఒక పరుగు తీస్తే రెండుగా లెక్కిస్తారు. మన తెలుగువాడు అజయ్ కుమార్ రెడ్డి సారథ్యంలో భారత జట్టు 2018లో ప్రపంచకప్ గెలిచింది ఈ నియమాలతోనే. ఒకటి రెండు కావడం దయ కాదు, న్యాయం. కానుకపెట్టె ఎదుట కూర్చున్న ప్రభువు బీద విధవరాలి రెండు కాసులను ధనవంతుల కానుకలన్నిటికంటే ఎక్కువగా లెక్కించాడు కదా (మార్కు 12:41-44). ఎంత వేసిందని కాదు, ఎంత లేమిలోంచి వేసిందని ఆయన చూశాడు.

ఇలాంటి కొలతకు సత్యమే పునాది. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో మేధో వైకల్యం గలవారి బాస్కెట్‌బాల్‌లో స్పెయిన్ జట్టు స్వర్ణం గెలిచింది. ఆ జట్టులో చాలామందికి ఏ వైకల్యమూ లేదని తర్వాత బయటపడింది. పతకం వెనక్కి పోయింది. అంతకంటే బాధాకరమేమిటంటే, నిజంగా ఆ వైకల్యం ఉన్నవారికి 2012 లండన్ వరకు పారాలింపిక్స్ తలుపులు మూతపడ్డాయి. అబద్ధమాడినవాడు దోచుకునేది బలహీనుని వంతునే. అలాగని ప్రతి బలహీనుణ్ణీ అనుమానించడం కూడా మరో రకం దోపిడీయే.

బేత్సయిదాలో ప్రభువు చేసింది చూడండి (మార్కు 8:22-26). గుడ్డివాని చెయ్యి పట్టుకొని ఊరి వెలుపలికి తీసుకెళ్లాడు. నేను నా తమ్ముణ్ణి జనం ముందుకు లాగాను, ఆయన జనానికి దూరంగా నడిపించాడు. కళ్లను తాకి, ఏమైనా కనిపిస్తోందా అని అడిగాడు. మనుషులు నడుస్తున్న చెట్లలా ఉన్నారని అతడు ఉన్నదున్నట్టు చెప్పాడు. సగం చూపే వచ్చిందన్నందుకు ప్రభువు అతని విశ్వాసాన్ని తప్పుపట్టలేదు, మళ్లీ తాకాడు. సృష్టికర్తే అడిగి తెలుసుకున్నాడు, మనం అడగకుండానే తీర్పు తీరుస్తున్నాం. ప్రభువు నేటికీ స్వస్థపరుస్తాడని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. కాని స్వస్థత రాకపోతే ఆ నెపం రోగి మీదికి నెట్టే అధికారం ఆయన ఏ బోధకుడికీ ఇవ్వలేదు.

చివరికి నేను ఆ యువకుని ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. నీకేం కావాలని మొదటిసారి అడిగాను. అతడు కోరినవి రెండే. మందిరంలో నడిచే దారిలో కుర్చీలు వేయవద్దు. సాయంత్రపు ప్రార్థన అయ్యాక, చీకట్లో బస్‌స్టాప్ దాకా ఎవరైనా తోడు రావాలి. ఇందుకు చందాలు అక్కర్లేదు, కమిటీలు అక్కర్లేదు.

ప్రియ విశ్వాసులారా, మీ సంఘంలోనూ అలాంటివారు ఉండవచ్చు. వారికోసం ప్రార్థించండి. అంతకుముందు వారిని అడగండి. వారు చెప్పింది నమ్మండి. ఆ తర్వాత మీ చెయ్యి అందించండి.