చేయి తిరిగిన పిదపనే కత్తి పట్టవలెను

పుత్తూరు కట్టునకై తమిళదేశము నుండి సైతము జనులు పోవుచుండుట మనమెల్లర మెరుగుదుము. అందులకు కారణము అచ్చటివారికి తరతరములుగా చేయి తిరిగినదను నమ్మకమే. అయితే విరిగిన యెముకను కోసి సరిచేయు వైద్యునికి ఆ నేర్పు ఎవరి దేహముపై అలవడవలెను? సొమ్ము వెచ్చించి పేరుపొందిన వైద్యుని వెదకుకొనగలవారికి ఈ ప్రశ్న తోచదు. బోధనాసుపత్రి వార్డులో పడియున్న కూలివానికి మాత్రము అది కాలు నిలుచునా, పోవునా యను ప్రశ్న.

నూరేండ్లకు పైగా శస్త్రవైద్యవిద్య ఒకే త్రోవను నడచినది. గురువు చేయుచుండగా చూచుట, పిదప గురువు కనుసన్నలలో రోగిపైననే చేసి నేర్చుకొనుట. గురువు వద్ద నేర్చుట తప్పని మేమనము. కాని శిష్యుని మొదటి పొరపాటు రోగి యెముకపైననే జరుగవలెననుటను మే మంగీకరింపజాలము. మన ప్రాచీనులును అంగీకరింపలేదు. సుశ్రుతసంహితలో ఈ యభ్యాసమునకై ప్రత్యేకముగా నొక యధ్యాయమే యున్నది. కోతను సొరకాయ మొదలగు కాయలపైనను, కట్టు కట్టుటను కృత్రిమ మనుష్యప్రతిమపైనను అభ్యసింపవలెనని అందు విధించిరి.

నేడు ఆ కాయల స్థానమున వర్చువల్ రియాలిటీ యను సాధనము వచ్చినది. శిష్యుడు కన్నులను కప్పు నొక పరికరమును తలకు తగిలించుకొని, రెండు చేతులను రెండు పిడులు పట్టుకొనును. ఎదుట శస్త్రచికిత్సాశాల, రోగి, పనిముట్లు కనబడును. ఎముకకు బెజ్జము వేయుట, రాడ్డు దించుట, మరలు బిగించుట వరుసగా చేయును. తప్పినచో మరల మొదటి నుండి చేయవచ్చును. ఎవరికిని నెత్తురు కారదు.

ఇది వట్టి వేడుక కాదు. లాస్ ఏంజిలిస్ నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు 20 మంది వైద్యవిద్యార్థులపై జరిపిన పరీక్ష ఫలితములు 2019లో వెల్లడియైనవి. కాలియెముకలోనికి రాడ్డు దించు పనిని ఈ సాధనముతో నేర్చినవారు, మామూలు పద్ధతిని నేర్చినవారికంటె 20 శాతము త్వరగా ముగించిరి. 38 శాతము ఎక్కువ మెట్లను సరిగా చేసిరి.

వర్తకులము గనుక తక్కెడ రెండవ తట్టను కూడ చూడక మానము. ఆ పరీక్షలో పాల్గొన్నవారు కొలదిమంది. పని జరిగినది కృత్రిమమైన యెముకపైన. డ్రిల్లు ఎముకను దాటి అవతలికి దూసికొనిపోయినచో వెనుకనున్న రక్తనాళములకును, నరములకును ముప్పు. ఎముక గట్టిదనమును, అది హఠాత్తుగా వదలుటను సాధారణపు పిడులు అదురుటచే మాత్రమే సూచించును. చేతికి నిజమైన యెదురుబలమును తెలుపజాలవు. కనుక ఇది మొదటి మెట్టే గాని, గురువునకు బదులు కాదు. మరియు పరికరమును కొన్నంతమాత్రమున పని తీరదు. పాఠములకు రుసుము, మరమ్మతు, నేర్పువాని తీరిక, ఇవి లేనిచో అది బీరువాలో దుమ్ము కొట్టుకొనిపోవును.

మన దేశమున 2019లో వచ్చిన వైద్యవిద్యా ప్రణాళిక నైపుణ్య శిక్షణశాలలకు ప్రాముఖ్యము నిచ్చినది. ఆ గదులలో ఈ సాధనమునకు చోటు కల్పించి, అందు తేరినవానినే రోగి చెంతకు పంపవలెనని మా యభిప్రాయము. మొదట దానిని సమకూర్చవలసినది ప్రభుత్వ కళాశాలలకే. ఏలన, బీదల దేహములపై చదువు సాగునది అచ్చటనే.

మరియొక మాట. కన్నడదేశమందైనను, ఒరిస్సాయందైనను, మనవారు నొప్పిని చెప్పుకొనునది తెలుగుననే. ఆ మాయాశాలలోని రోగిచే ఆయా ప్రాంతపు భాషలతోపాటు తెలుగును కూడ పలికించినచో, వైద్యుడు చేతితోబాటు చెవిని కూడ సాధన చేయును.

పండుగ పందిళ్లకు ధారాళముగా చందా లిచ్చు మన సంఘీయులు తమ జిల్లా వైద్యకళాశాలను కూడ ఒకసారి తలచుకొందురు గాక. ఇచ్చినచో, ఎందరు విద్యార్థు లెన్ని గంటలు సాధన చేసిరో యేటేట లెక్క చూపవలెనను నియమముతోనే ఇయ్యవలెను. లెక్క అడుగని దానము సగము వృథా.