పాతబండ్ల పందెములు - క్రొత్త వివాదములు

అమ్మమ్మనాటి నగకు మెఱుగు పెట్టించుకొనుట యొకటి. దానిని కరగించి క్రొత్తనగ చేయించి, అమ్మమ్మనాటిదే యని చెప్పుకొనుట వేఱొకటి. ఈ భేదమును గూర్చియే అమెరికాలో పాత మోటారుసైకిళ్ల పందెగాండ్ర నడుమ తగవులు జరుగుచున్నవి. ఆ సంగతి మన పాఠకురాండ్రకు దెలుపుట వినోదముగను, ఉపయోగముగను ఉండునని తలచుచున్నాము.

మిట్టపల్లములతో నిండిన మట్టిదారిపై సాగు మోటారుసైకిలు పందెమునకు మోటోక్రాసని పేరు. 1924లో ఇంగ్లండునందలి కేంబర్లీ యొద్ద జరిగిన పందెము దీనికి మూలమందురు. చాలకాలము ఈ బండ్ల వెనుకచక్రము ఇంచుమించు 4 అంగుళములు మాత్రమే పైకి క్రిందికి కదలెడిది. గుంత యెదురైనచో వేగము తగ్గింపక తప్పెడిది కాదు. బెల్జియము దేశీయుడగు లూసియెన్ టిల్కెన్స్ కల్పించిన ఒంటిషాకు పద్ధతిని యమహావారు గైకొనిరి. 1973లో స్వీడను దేశీయుడగు హోకన్ ఆండర్సన్ అట్టి బండిపై 250 సీసీ తరగతిలో ప్రపంచవిజేత యయ్యెను. అటుపిమ్మట చక్రముల కదలిక యేటేట పెరిగి, పాతబండ్లు మూలబడినవి.

అట్టి బండ్లకు మరల పందెములు నడుపుచున్న అమెరికన్ హిస్టారిక్ రేసింగ్ మోటారుసైకిల్ అసోసియేషన్ వారు 1974 వఱకు గల నమూనాలకు వేఱుగ తరగతులేర్పఱచిరి. ముందుచక్రపు కదలిక 7 అంగుళములను, వెనుకచక్రపు కదలిక 4 అంగుళములను మించరాదని నియమించిరి. ఆ పిమ్మట తయారైనను నిర్మాణము మారని బండ్లకు చోటిచ్చిరి.

చిక్కు లిచ్చటనే పుట్టినవి. ముందుఫోర్కులోపల చిన్నగొట్ట మొకటి యుంచినచో కదలిక తగ్గును. కొలత ముగిసినపిదప దానిని తీసివేసినచో చూచువారి కంటికి తెలియదు. నిర్మాణము మారలేదనుటకు హద్దేదని మఱికొందఱు వాదింతురు. ఇంగ్లండులో ట్విన్‌షాక్ తరగతికి రెండు షాకులు, గాలిచే చల్లబడు ఇంజను, డ్రమ్ముబ్రేకులు గుఱుతులు. ఇవి కంటికి కనబడునవి గనుక తగవు కొంత తక్కువ.

రెండంగుళములకై యింత రచ్చయేల యని కొందఱందురు. ఆ రెండంగుళములు గలవాడు గుంతలో వేగము తగ్గింపనక్కఱలేదు. నియమము పాటించినవాడు వెనుకబడును. అతనిని మించవలెనన్న సాటివాడును సొమ్ము వెచ్చింపవలెను. తుదకు సామాన్యుడు తన పాతబండిని మరల మూలను బెట్టును. ఎవరికొఱకు పందెము పుట్టినదో వారే దూరమగుదురు.

అయినను అరువదేండ్లు కావచ్చిన బండికి అరిగిన భాగములు మార్చుట తప్పుకాదు, ప్రాణరక్షణకు మార్చితీరవలెను. కావున భాగము క్రొత్తదా పాతదా యన్నది కాదు, దానివలన నియమమునకు మించిన బలము కలిగెనా యన్నదే ప్రశ్న. ఎదుటివానికి విప్పి చూపగలిగినది మరమ్మతు, దాచవలసివచ్చినది మోసము. ఇంటిలో పిల్లల యాటలయందును ఈ కొలతయే చాలునని మా యభిప్రాయము.