ధర్నాలు లెక్కపెట్టే ముందు మెస్ చూడాలి



ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు తెరిచారంటే చాలు, అమరాపురంలో నెట్ సెంటర్ల ముందు చెప్పులు కుప్పలవుతాయి. కూతురు కుర్చీ అంచున కూర్చుని కాలేజీ కోడ్ చెబుతుంటే, వెనక నిలబడ్డ తండ్రి సెంటర్ కుర్రాణ్ణి అడిగే మాట ఒకటుంది. "ఆడ గలాటాలు ఎక్కువంట కదప్పా?" కుర్రాడు "అవునన్నా, ధర్నాలు జాస్తి" అన్నాడో, ఆ కోడ్ జాబితాలోంచి లేచిపోయినట్టే. హాస్టల్ ఎట్లుంది, సీనియర్ల సంగతేంది అన్న ప్రశ్నలు ఆ తర్వాత వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు.

సరిహద్దు మండలం కాబట్టి ఈ భయం రెండు వైపుల నుంచీ వస్తుంది. వక్కతోటల రైతుల పిల్లలు ఇటు మడకశిర, హిందూపురం, అనంతపురానికీ, అటు సిరా, తుమకూరు, బెంగళూరుకూ చదువులకు పోతారు. 2022 ఫిబ్రవరిలో హిజాబ్ వివాదం ముదిరి కర్ణాటక ప్రభుత్వం మూడు రోజులు హైస్కూళ్లు, కాలేజీలు మూసేస్తే, ఇవతలి ఇళ్లలో ఫోన్లు మోగకుండా ఉంటాయా?

అంతకు మూడు నెలల ముందు అనంతపురంలో జరిగింది ఇంకా దగ్గరి సంగతి. ఎయిడెడ్ కాలేజీల సిబ్బందిని ప్రభుత్వం తనలో కలుపుకుంటున్న రోజులవి. ఎస్‌ఎస్‌బీఎన్ ఎయిడెడ్ కాలేజీ ప్రైవేటు చేతికి పోతే ఫీజులు పెరుగుతాయని విద్యార్థులు 2021 నవంబర్ 8న ఆందోళనకు దిగారు. పోలీసులు లాఠీలు ఎత్తారు. ఒక విద్యార్థిని గాయపడింది. లాఠీ దెబ్బేనని విద్యార్థులు అంటే, రాళ్లు పడ్డాయని పోలీసులు అన్నారు. ఆ రోజు టీవీ చూసిన తల్లి తన బిడ్డను ఆ ఊరికి పంపడానికి జంకితే తప్పుపట్టలేం. కానీ టీవీలు లాఠీల్ని చూపించినంత శ్రద్ధగా తర్వాతి కథ చూపించలేదు. నాలుగు రోజులకే, నవంబర్ 12న, ప్రభుత్వం యాజమాన్యాలకు మెమో ఇచ్చింది: కావాలంటే ఎయిడెడ్‌గానే కొనసాగవచ్చు, ముందిచ్చిన అంగీకారాన్ని వెనక్కీ తీసుకోవచ్చు. ఆ పిల్లలు కొట్లాడింది ఫీజు కోసం. అమరాపురం తండ్రి చీటీ ఎత్తి కట్టే ఫీజులాంటిదే అది. అదే ఏడాది విశాఖలో ఎయిడెడ్ స్కూలు మూతపడుతుందని తల్లిదండ్రులే రోడ్డెక్కారు. మరి వాళ్లను గలాటా మనుషులని ఎవరైనా అన్నారా?

ధర్నా జరిగిన చోటే ప్రమాదం ఉంటుందన్న లెక్క ఎక్కడ తప్పుతుందో బాసర ట్రిపుల్ ఐటీ చెబుతుంది. మన జిల్లా పిల్లలు పదో తరగతి మార్కులతో ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి పోయినట్టే, తెలంగాణ పల్లెల పిల్లలు బాసరకు పోతారు. 2022 జూన్ 14న వాళ్లు బయటికొచ్చి కూర్చున్నారు. రెగ్యులర్ వైస్ ఛాన్సలర్ కావాలి, మెస్‌లో తిండి బాగుండాలి అంటూ 12 డిమాండ్లు. ఎండకూ వానకూ గొడుగులు పట్టుకుని కూర్చున్నారు తప్ప ఒక్క అద్దం పగలగొట్టినట్టు వార్త లేదు. (అప్పటి పీసీసీ అధ్యక్షుడు రేవంత్ రెడ్డి గోడ దూకి లోపలికి పోయారు. ఆ వారం మొత్తంలో క్రమశిక్షణ తప్పిన పని ఏదైనా ఉందంటే అది పెద్దవాళ్లదే.) వారం తర్వాత విద్యాశాఖ మంత్రి వచ్చి కూర్చుని మాట్లాడితే ఆందోళన విరమించారు. నెల తిరగకముందే, జూలైలో, అదే క్యాంపస్‌లో మధ్యాహ్న భోజనం తిన్న వందమందికి పైగా పిల్లలు వాంతులతో పడిపోయారు. జూన్‌లో టీవీ ముందు కూర్చుని బాసరకు పంపొద్దని అనుకున్న తల్లిదండ్రులు గేటు దగ్గర కూర్చున్న పిల్లల్ని చూసి భయపడ్డారు. ముప్పు ఉన్నది గేటు దగ్గర కాదు, వంటింట్లో. ఆ మాటే పిల్లలు వారం పాటు అరిచి చెప్పారు.

ఇక గలాటాలు లేని కాలేజీల సంగతి. 2015 జూలైలో నాగార్జున విశ్వవిద్యాలయ హాస్టల్లో ఆర్కిటెక్చర్ విద్యార్థిని ర్యాగింగ్ వేధింపుల ఆరోపణల మధ్య ప్రాణం తీసుకుంది. క్యాంపస్‌లో నిరసనలు మొదలైంది ఆ తర్వాతే. అంతకుముందు ఎవరైనా నాన్న వెళ్లి చూసొచ్చి ఉంటే, "ప్రశాంతంగా ఉంది" అనే చెప్పి ఉండేవాడు. ఇంటర్ కార్పొరేట్ హాస్టళ్లలో ధర్నా అన్న మాటే వినపడదు. అక్కడి పిల్లల ఆత్మహత్యల మీద ప్రభుత్వాలు ఎన్నిసార్లు కమిటీలు వేశాయో పేపరు చదివేవాళ్లకు తెలుసు.

ప్రతి ధర్నా న్యాయమైందని దీని అర్థం కాదు. 2024 ఆగస్టు చివర్లో గుడ్లవల్లేరు ఇంజినీరింగ్ కాలేజీ అమ్మాయిల హాస్టల్లో రహస్య కెమెరాలున్నాయన్న మాట పుట్టి, రాత్రికి రాత్రి క్యాంపస్ అట్టుడికింది. కెమెరాలేవీ దొరకలేదని పోలీసులు తేల్చారు. వదంతే కావచ్చు. అయితే అర్ధరాత్రి ఒక అనుమానం వచ్చినప్పుడు వెళ్లి చెప్పుకుని ఊరట పొందడానికి ఆ పిల్లలకు లోపల ఒక మనిషి ఉన్నారా అన్నది కాలేజీ ఎంచుకునేవాళ్లు అడగాల్సిన ప్రశ్న.

తల్లిదండ్రుల భయాల్లో ఒకటి మాత్రం కొట్టిపారేయదగింది కాదు. అది పోలీసు కేసు. రేపు పాస్‌పోర్టుకో, సర్కారు కొలువుకో వెరిఫికేషన్ వచ్చినప్పుడు ఎఫ్ఐఆర్‌లో పేరుంటే ఆ కుటుంబం స్టేషన్ చుట్టూ తిరగాల్సిందే. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోని చెట్ల కోసం నిలబడ్డ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థుల మీదా కేసులు పడ్డాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు అక్కడి నరికివేత ఆపింది, ఆపైన విద్యార్థుల కేసులు ఎత్తేయమని ప్రభుత్వమే చెప్పింది. అందరికీ అంత అదృష్టం పట్టదు. బిడ్డకు ఈ మాట ముందే విడమర్చి చెప్పాలి. అంతమాత్రాన కాలేజీనే కొట్టేయడం ఎందుకు?

మన వైపు అలవాటేమంటే, అడ్మిషన్ రోజు ఒక్కసారి పోతారు. బిల్డింగు చూస్తారు, ప్రిన్సిపాల్ రూములో ఏసీ చల్లగా తగులుతుంది, ఫీజు కట్టి సాయంత్రం బస్సు పట్టుకుంటారు. చూడాల్సింది వేరే ఉంది. చెప్పకుండా మధ్యాహ్నం మెస్‌కు పోయి పప్పు రుచి చూడాలి. తాగే నీళ్ల ట్యాంకు ఎప్పుడు కడిగారో వంటాయన్ని అడగాలి. రెండో సంవత్సరం అమ్మాయిల్ని పక్కకు పిలిచి, రాత్రి జ్వరమొస్తే ఎవరు తీసుకుపోతారమ్మా అని అడగాలి. శనివారం ల్యాబ్ అయ్యాక మడకశిర నుంచి ఇంటికొచ్చే ఆఖరి బస్సు అందుతుందో లేదో కనుక్కోవాలి. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో ర్యాగింగ్ నిరోధక కమిటీ, స్క్వాడ్ ఉండి తీరాలి. అడ్మిషన్ కాగితాల్లో తల్లిదండ్రులతో సంతకం పెట్టించుకునే అఫిడవిట్ ర్యాగింగ్ ఆపడం కోసమే. చదవకుండా సంతకం పెట్టినా పెట్టాం, ఆ స్క్వాడ్‌లో ఉన్నదెవరని అడిగే హక్కు మనకుంది. ర్యాగింగ్ నిరోధక హెల్ప్‌లైన్ 1800-180-5522 నంబరు పిల్లల ఫోన్లో ఉందో లేదో చూడటం ఇంకా తేలిక.

ఇదంతా ఒక్కో తండ్రీ తిరిగి కనుక్కోవాల్సిన గతి ఎందుకు? అమెరికాలో లీహై యూనివర్సిటీ హాస్టల్ గదిలో 1986లో జీన్ క్లెరీ అనే విద్యార్థిని హత్యకు గురైంది. ఆమె తల్లిదండ్రులు పట్టుబట్టి సాధించిన చట్టం 1990లో వచ్చింది. దాని కింద అక్కడి కాలేజీలు క్యాంపస్ నేరాల లెక్కల్ని ఏటా అక్టోబర్ 1లోగా బయటపెట్టాలి. పిల్లల్ని అక్కడికి పంపే తెలుగువాళ్లు ఆ లెక్క ఇంట్లో కూర్చుని చూసుకోగలరు. మడకశిరకో, అనంతపురానికో పంపేవాళ్లకు ఆ వీలు లేదు.

వచ్చే కౌన్సెలింగ్ లోపు ఉన్నత విద్యామండలి వెబ్ ఆప్షన్ల పేజీలో ప్రతి కాలేజీ కోడ్ పక్కన నాలుగు గడులు పెట్టాలి: గత మూడేళ్లలో ర్యాగింగ్ ఫిర్యాదులు, అమ్మాయిల ఫిర్యాదుల అంతర్గత కమిటీ అధ్యక్షురాలి ఫోను, ఆహార భద్రతా అధికారులు మెస్ తనిఖీ చేసిన తేదీ, హాస్టల్‌కు రాత్రి వార్డెన్ ఉన్నారా లేదా. అది అయ్యేదాకా మీ పత్రిక జిల్లా విలేకరులు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, మడకశిర కాలేజీలకు వెళ్లి ఈ నాలుగూ అడిగి, చెప్పిన కాలేజీల జవాబులతో పాటు చెప్పనివాటి పేర్లూ అచ్చువేయాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అమరాపురం, శ్రీ సత్యసాయి జిల్లా