నీటి దారికి వెల కట్టరాదు

హైదరాబాదులో రెండు గడియలు వాన కురిసినంతనే దారులు ఏఱులగుచున్నవి. పల్లపు వాడలలో మంచములు తేలుచున్నవి. మఱునాడు ఏలినవారు వచ్చి మోకాలిబంటి నీటిలో నిలువబడి, ఇది కనివిని యెఱుగని వర్షమని సెలవిచ్చుచున్నారు. ఈ మాట మేము 2000 ఆగస్టులో వింటిమి. 2020 అక్టోబరులో వింటిమి. బెజవాడను బుడమేరు ముంచిన 2024 సెప్టెంబరులో మరల వింటిమి. మాటిమాటికి వచ్చుదానిని కనివిని యెఱుగనిదనుట ఎట్లు? వానను తెచ్చినది మేఘమే, కాదనము. ఆ వాననీటిని ఇండ్లలోనికి తెచ్చినది మాత్రము మున్సిపాలిటీ ముద్ర పడిన కాగితము. ఈ సంగతిని నేడు దాపఱికము లేకుండ చెప్పదలచితిమి.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి సుమారు 15,000 మందిని పొట్టన బెట్టుకొన్న వృత్తాంతము తెలుగువారిలో వినని వారుండరు. నేటి ఉస్మానియా ఆసుపత్రి తోటలోని చింతచెట్టు నెక్కి 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని నగరవాసులు నేటికిని చూపుదురు. ఆ మఱుసటి యేడు నిజాము ప్రభుత్వము మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. ఆయన మొదట నగరమును చూచి ఊరకుండలేదు. నగరమునకు ఎగువనున్న నేలనంతటిని చూచెను. మూసీకి నీరందించు 860 చదరపు మైళ్ల ప్రదేశమున 788 చెరువులున్నట్లును, ఆ వరదలో 221 చెరువులు తెగినట్లును లెక్క తేల్చెను. అనగా మైలునకు ఒక చెరువు చొప్పున పెద్దలు కట్టి యుంచిరి. ఆయన సలహా ననుసరించి 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును సిద్ధమయ్యెను. ఈ రెండు జలాశయములను మనము మెచ్చుకొందుము. వాటికి మూలమైన ఎఱుకను మాత్రము గాలికి వదలితిమి. నగరము మునుగునా లేదా అనునది నగరములో తేలు విషయము కాదు, ఎగువ చెరువులలో తేలు విషయమన్నదే ఆ ఎఱుక.

చెరువు పని తీరు తెలియక పట్టణవాసులు కొందఱు దానిని నీళ్ల గుంట యనుకొందురు. చెరువునకు కట్ట యొకటి, తూము యొకటి, అలుగు యొకటి. తెలంగాణమున ఆ అలుగునే మత్తడి యందురు. తూము పొలమునకు నీరిచ్చును; మత్తడి మిగులు నీటిని క్రింది చెరువునకు పంపును. ఆ చెరువు నిండి దాని మత్తడి దుమికినచో ఇంకొక చెరువు నిండును. ఇవి గొలుసు చెరువులు. మత్తడి నుండి దిగువ చెరువునకు పోవు ఆ నీటి త్రోవనే నేడు మనము నాలా యని పిలుచుచు, ముక్కు మూసికొని దాటుచున్నాము. ఈ త్రోవ యేడాదిలో పది నెలలు ఎండియుండును. అదియే దాని దౌర్భాగ్యము. ఎండియున్న నాలాను చూచి భూమి వ్యాపారి నోరూరును. ఒక రాత్రి రెండు లారీల మట్టి పడును. మఱి కొన్ని నాళ్లకు గోడ లేచును. ఇరువది అడుగుల నాలా పది అడుగులగును, పది అడుగులది సిమెంటు గొట్టమగును, ఆ గొట్టములో చెత్త నిండును. మత్తడి మూసికొనిపోయిన చెరువు వాన వచ్చిన నాడు ఏమి చేయగలదు? కట్టను తెంచుకొనును. 2020 అక్టోబరులో మైలార్‌దేవ్‌పల్లి దగ్గర పల్లెచెరువును, బాలాపురము దగ్గర గుఱ్ఱంచెరువును తెగి పాతబస్తీ దిగువ వాడలను ముంచినవి. షాహ్ హాతిమ్ తలాబు ప్రక్కనున్న నదీమ్ కాలనీ దినముల తరబడి నీళ్లలో నానెను. ఆ వాడలలో కాపురముండువారు ఎవరో వేరుగ చెప్ప నక్కఱలేదు. మెరకన నిలిచిన మేడల వారెవరును ఆ వారము పడవలలో తిరుగలేదు.

మాసబ్ ట్యాంకు అను పేట ఒకటి నగరము నడుబొడ్డున కలదు. ట్యాంకు ఎచ్చటనో చూపినవారికి మేము బహుమానమిత్తుము. అంబరుపేటలో పూడ్చివేసిన బతుకమ్మకుంటను 2025లో త్రవ్వగా కొలది అడుగుల లోతుననే నీరు పైకి ఉబికెను. కుంట పోలేదు, కుంట పేరు మాత్రమే కాగితముల నుండి పోయినది.

ఇచ్చట న్యాయవాదులకు ఇష్టమైన ఆక్షేపణ యొకటి వచ్చును. చెరువు శిఖం భూమిలో పట్టాలున్నవి కదా, పట్టాదారుని సొత్తును ఎట్లు కాదందురని అడుగుదురు. మేమును ఆ వృత్తిలోని వారమే కనుక జవాబు చెప్పెదము. శిఖం పట్టాదారుని హక్కు ఏపాటిది? నీరు తీసిన పిదప తడి నేలలో ఒక పంట పండించుకొని, వానలు వచ్చు వేళకు ఆ నేలను మరల నీటికి అప్పగించుట. నీరు ముందు, నాగలి వెనుక. ఆ హక్కులో పునాదిరాయి లేదు, మేడ లేదు, మేడ మీద మేడ లేదు. ఇది నేడు పుట్టిన వాదమును కాదు. 1874లో ప్రివీ కౌన్సిలు ఎదుటికి మద్రాసు రైల్వే కంపెనీకిని కార్వేటినగర జమీందారునకును నడచిన వ్యాజ్యము వచ్చెను. జమీందారు చెరువులు తెగి రైలు మార్గమునకు నష్టము కలిగినది. కంపెనీ పరిహారము కోరినది. జమీందారుని అజాగ్రత్త ఋజువు కాలేదు. ఈ దేశమున చెరువు ఒకని సొంత వస్తువు వంటిది కాదనియు, ప్రజల బ్రదుకునకై పూర్వము నుండి నడచి వచ్చుచున్న ఏర్పాటులో అది భాగమనియు, దానిని రూపుమాపు అధికారము జమీందారునకు లేదనియు, పైగా కాపాడు విధి కలదనియు నిర్ణయించి ఆ న్యాయమూర్తులు దావాను త్రోసివేసిరి. లండనులో కూర్చున్న తెల్లదొరలకు కార్వేటినగరపు చెరువు గుఱించి 1874లో బోధపడిన ముక్క, స్వరాజ్యము వచ్చిన పిదప మన నగరపాలకులకు బోధపడలేదన్నచో సిగ్గుపడవలసినది ఎవరు?

చట్టము లేదందురా? చట్టములకు కొదువ లేదు. 1955 నాటి హైదరాబాదు మున్సిపల్ కార్పొరేషన్ల చట్టము కలదు. 2002 నాటి జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టము కలదు. ఉమ్మడి ప్రభుత్వము 2012 ఏప్రిల్ 7న 168వ ఉత్తరువుగ కట్టడముల నిబంధనలు వెలువరించి, 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువునకు 30 మీటర్లును, చిన్న చెరువునకును కుంటకును వాగునకును 9 మీటర్లును, నాలాకు 2 మీటర్లును ఎడము విడువవలెనని శాసించెను. నాలాకు 2 మీటర్లు! పూడిక తీయు యంత్రము సరిగ నిలువదు, ఎద్దుబండి త్రిప్పుటకైన చాలదు. పోనిండు, ఆ రెండు మీటర్లనైన ఎచ్చటినుండి కొలువవలెను? చెరువు పూర్తి నీటిమట్టపు గీత, ఎఫ్.టి.ఎల్. అని పిలువబడునది, తుదిగా ప్రకటింపబడని చెరువులెన్నియో యున్నందున, ప్రకటింపుడని హైకోర్టు ఆజ్ఞాపింపవలసి వచ్చినది. హద్దు తెలియని పొలమునకు కంచె వేయుమని చెప్పు శాసనమది.

ఇంతకును అసలు రోగము వేఱొకటి. దాని పేరు క్రమబద్ధీకరణము. 2007 డిసెంబరు 31న లేఔట్లకు ఒక ఉత్తరువు, కట్టడములకు ఒక ఉత్తరువు వెలువడినవి. ఇదియే కడపటి అవకాశమని ఆనాడు చాటిరి. 2015లో మరల కడపటి అవకాశము వచ్చెను. 2020 ఆగస్టులో ఇంకొక కడపటి అవకాశము రాగా, తెలంగాణమున 25 లక్షలకు మించిన దరఖాస్తులు పడెను. 2025లో, మార్చి నెలాఖరులోపల సొమ్ము కట్టినవారికి నూటికి 25 వంతుల తగ్గింపు అని ప్రకటించిరి. తప్పునకు తగ్గింపు ధర! పండుగనాటి బట్టలకొట్టునకును ప్రభుత్వమునకును భేదము లేదా?

చెరువులలోను నాలాలలోను ఉన్న ప్లాట్లను మేము క్రమబద్ధము చేయుట లేదు, నిబంధనలలోనే వాటిని మినహాయించితిమని ఏలినవారు జవాబు చెప్పుదురు. మినహాయింపు వ్రాసియున్న మాట నిజమే. అయినను ఆ జవాబు చాలదు. అనుమతి లేని లేఔటు దోషము ప్లాటులో లేదు, లేఔటులోనే యున్నది. వాననీరు ఏ మూలనుండి వచ్చి ఏ మూలకు పోవలెనో ఆలోచింపక గీసిన గీతలవి. వాటిలో కాలువ లేదు, ఖాళీ నేల లేదు. మెరక చేసిన రోడ్డే నీటికి అడ్డుకట్ట. ఇప్పుడు ఒక్కొక్క ప్లాటుదారుడు వచ్చి సొమ్ము కట్టినచో వాని ప్లాటు క్రమబద్ధమగును. నీటి పోకడ ఎట్లు క్రమబద్ధమగును? లేఔటులో ఖాళీ స్థలము విడువనందుకు భూమి విలువలో నూటికి 14 వంతులు రుసుముగ గ్రహించుట ఈ పథకములలో నియమము. ఆ రూపాయలు ఖజానాలో చేరి వాననీటిని పీల్చునా? బీడు నేల మీద పడిన వానలో మంచి భాగము ఇంకిపోవును. సిమెంటు మీద పడినది దాదాపు అంతయు పరుగెత్తును. ఎగువ కాలనీ కట్టిన రుసుము ప్రభుత్వమునకు చేరును, ఎగువ కాలనీ పంపిన నీరు దిగువ గుడిసెకు చేరును. ఆ గుడిసెవాని సమ్మతి ఎవరు తీసికొనిరి? వాని హక్కును వాని పరోక్షమున అమ్ము అధికారము ఏ మంత్రివర్గమునకును లేదని మేము ఘంటాపథముగ చెప్పుచున్నాము.

ఇది చాలనట్లు 2020లో తెచ్చిన కట్టడముల అనుమతి చట్టము, 500 చదరపు మీటర్ల వరకు గల ఇంటిస్థలమునకు యజమాని స్వయముగ ధ్రువీకరించినచో తత్‌క్షణమే అనుమతి యిచ్చుచున్నది. లంచములు తగ్గునన్నారు; అది మంచిదే. కాని మా స్థలము నీటి దారిలో లేదని ధ్రువీకరించువాడు స్థలము గలవాడేనా?

కొన్నవాని మాట కొంత చెప్పవలయును. రిజిస్ట్రారు కచేరీలో స్టాంపు సుంకము తీసికొని దస్తావేజు వ్రాసిరి. మున్సిపాలిటీ ఇంటి నంబరిచ్చి పన్ను వసూలు చేసెను. విద్యుత్తువారు మీటరు బిగించిరి. బ్యాంకు అప్పిచ్చెను. పదియేండ్లు గడచిన తరువాత ఒక తెల్లవాఱుజామున యంత్రము వచ్చి, నీవు ఆక్రమణదారుడవు అనెను. 2024 జూలైలో హైడ్రా అను సంస్థను నెలకొల్పి చెరువులను విడిపింప బూనుటను మేము ఆక్షేపింపము. చెరువు చెరువుగ ఉండవలసినదే. పెద్దవారి కట్టడములను గూడ కూల్చిరి, కాదనము. కాని కోర్టులు లేని ఆదివారము చూచి కూల్చుట ఏమని హైకోర్టు అదే సెప్టెంబరులో నిలదీసినప్పుడు, సామాన్యుని గుండెలోని మాట బయటికి వచ్చినట్లయినది. యంత్రము కొన్నవాని గోడను కూల్చినది. అమ్మినవాని మేడ మీద దుమ్మైన పడలేదు. అనుమతి మీద సంతకము చేసిన ఉద్యోగి యథావిధిగ పింఛను పుచ్చుకొనుచున్నాడు. దొంగసొత్తు కొన్నవానిని మాత్రము పట్టుకొని, దొంగను సాక్షిగ కూర్చుండబెట్టు న్యాయము ఏ స్మృతిలో నున్నది?

డబ్బు లేదను మాటకు సుప్రీము కోర్టు 1980లోనే సమాధానము చెప్పినది. మధ్యప్రదేశములోని రత్లాం మున్సిపాలిటీ, కాలువలు కట్టుటకు మా వద్ద సొమ్ము లేదనియు, అచ్చటి వారు మురికి తెలిసియే ఇండ్లు కట్టుకొనిరనియు వాదింపగా, జస్టిసు కృష్ణయ్యర్ ఆ వాదమును చెల్లదని కొట్టివేసెను. మన నగరమున ఆ వాదము అసలే చెల్లదు. నాలాలను బాగుచేయుటకు 2021లో ఆరంభించిన పథకమునకు తొలి విడత సుమారు 985 కోట్ల రూపాయలు. వెడల్పు చేయు ఖర్చు ప్రజలది. ఇఱుకు చేసి గడించిన లాభము ఎవరిది? పైగా మన దేశపు పట్టణములలో పూర్వము కాలువలను గంటకు 12 మొదలు 20 మిల్లీమీటర్ల వానకు సరిపడ కట్టిరని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లోనే వ్రాసినది. ఎగువన ఇష్టము వచ్చినట్లు కట్టనిచ్చుచు దిగువ కాలువను వెడల్పు చేయుట చిల్లికుండలో నీరు పోయుటయే.

కృష్ణాతీరముననున్న సోదరులు ఇది హైదరాబాదు గొడవ యనుకొనరాదు. బుడమేరు కొల్లేటికి పోవు ఏఱు. వెలగలేరు వద్ద దాని వరదను కృష్ణకు మళ్లించు కాలువ కలదు. 2024లో ఆ కాలువకు గండ్లు పడినవి. అదే సమయమున ప్రకాశం బారేజీ వద్ద కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు పాఱుచుండెను. బుడమేటి పాత త్రోవలో వెలసిన సింగ్‌నగరు ప్రాంతము దినముల తరబడి మునిగెను. ఏటికి మళ్లింపు కాలువ త్రవ్వితిమి కదా యని ఏటి కడుపులో వాడలు కట్టనిచ్చిన ఫలమది.

మేము కోరునది అసాధ్యము కాదు. ప్రతి చెరువు నీటిమట్టపు గీతయు, ప్రతి నాలా పూర్వపు వెడల్పును సర్వే నంబర్లతో సహా తుదిగా ప్రకటింపుడు. ఆ గీతల లోపలి నేలకు రిజిస్ట్రేషను మూసివేయుడు. కొత్త లేఔటు వేయువాడు, తన నేలనుండి పూర్వము పోవుచుండిన దానికన్న ఎక్కువ నీటిని దిగువకు పంపనని రుజువు చూపినగాని అనుమతి యీయకుడు. ముద్ర పడిన కాగితమును నమ్మి కొన్నవాని ఇల్లు తీయవలసి వచ్చినచో, వాని సొమ్మును అమ్మినవానినుండియు, అనుమతించిన ఉద్యోగినుండియు రాబట్టి, యంత్రము రాకముందే వాని చేత పెట్టుడు. క్రమబద్ధీకరణమున వచ్చిన ప్రతి రూపాయికిని లెక్క చూపి, ఆ లేఔటులకే కాలువలు త్రవ్వుడు. మొట్టమొదట ఆ పటములు కావలెను. రాబోవు మృగశిర ప్రవేశించులోగా అవి ప్రతి సబ్‌రిజిస్ట్రారు కచేరీ గోడ మీద, ప్లాటు కొనవచ్చిన కూలివాడు సైతము వ్రేలుపెట్టి చూచుకొను ఎత్తున, తెలుగులోను ఉర్దూలోను వ్రేలాడవలెను.