క్రొత్తవ్రాతల గంప

1883లో రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు స్త్రీలకై ‘సతీహితబోధిని’ని ప్రారంభించిరి. నాడు చదువదగినది దొరకుట కష్టము. నేడు ఏరుకొనుట కష్టము.

మనము కోరిన అంతర్జాల పత్రికల క్రొత్తవ్రాతల నన్నిటిని ఒక్కచోటికి దెచ్చు సాధనమునకు ఫీడు రీడరని పేరు. దాని కాధారమగు ఆరెస్సెస్ పద్ధతి 1999లో పుట్టినది. 2005లో వచ్చిన గూగుల్ రీడరును 2013లో మూసివేసిరి. ఫీడ్లీ మొదలగునవి నిలిచినను, పెక్కింటి రూపము పాతదే: క్రొత్తది పైన, పాతది క్రింద, చదువనివాటి లెక్క ప్రక్కన. దినమునకు నూఱు వార్తలు వెలువరించు పత్రికయు, ఏడాదికి రెండుమాఱులు వ్రాయు నెచ్చెలియు అందు సమానమే. ఆ వెల్లువలో నెచ్చెలి వ్రాత మునిగిపోవును.

గోదావరి నీరైనను ధవళేశ్వరము ఆనకట్టకడ కాలువలుగా చీలినప్పుడే గదా మన చేలకు బారును! ఈ సాధనమునకును అట్టి తూములు వలయును. అంతవఱకు అరుదుగా వ్రాయువారి నొక వేఱు ఫోల్డరులో మనమే అమర్చుకొందము. చదువనివాటి లెక్క మనము తీర్పవలసిన అప్పు కాదు.