నూర్పుల కాలమున కంటిపుండు

వరి నూర్పులు సాగునపుడు ఊకపొట్టో గడ్డిపరకయో కంట గీచుట మన విజయనగర మండలమున క్రొత్త గాదు. కర్షకుడు తువ్వాలుతో నద్దుకొని పని సాగించును. ఆ గీత పుండైనచో, మానిన తావున తెల్లని పువ్వు నిలుచును. పువ్వులోనికి సన్నని యెఱ్ఱనాళములు ప్రాకివచ్చును. ఈ నాళములను మనవారు లెక్కసేయరు.

నల్లగ్రుడ్డుపై నద్దమువలె నుండు కార్నియాకు రక్తనాళములు లేవు. లేవు గనుకనే వెలుతురు లోనికి పోవుచున్నది. ప్రాణవాయువు దానికి కన్నీటిద్వారా గాలినుండియే యందును. వాపు పట్టినపుడు అందు నాళములను పెంచెడి యొక పదార్థము పుట్టును. అట్లు వచ్చిన నాళములు పుండు మానుటకు కొంత తోడ్పడును గాని, పని ముగిసిన పిమ్మట తమంత పోవుట యరుదు.

వానిని తగ్గించుటకు వైద్యులు స్టెరాయిడు చుక్కలు వాడుదురు. బెవాసిజుమాబు సూది వేయుదురు. ముదిరినవానిని సన్నసూదితో కాల్చుదురు. చిక్కంతయు మొదటి మందుతోనే. పైరు గీచిన కంట తఱచు బూజుజాతి క్రిమి చేరును. స్టెరాయిడు ఆ బూజునకు బలము. దుకాణమునకు బోయి "ఎఱుపు తగ్గు చుక్కలు" అడిగి తెచ్చుకొన్నవానికి రెండుదినములు హాయిగానే యుండును. బూజు లోతునకు దిగును. దానికి నాటమైసిను వారములకొలది వేయవలయును. ఏది యెయ్యదియో పుండును గీకి సూక్ష్మదర్శినిలో జూచినగాని తెలియదు. పసరు పిండువారి మాట చెప్పనక్కఱలేదు.

కార్నియా మార్పింపవచ్చును గదా యందురు. 1905లో ఓలోమౌట్స్ నగరమున ఎడ్వర్డు జిర్ము, సున్నము పడి చూపు చెడిన యొక కూలివానికి మార్చి చూపు దెచ్చెను. హైదరాబాదులో 1987లో వెలసిన ఎల్.వి. ప్రసాదు నేత్రవైద్య సంస్థ 2006లో విశాఖపట్టణమునకును వచ్చినది. అయినను నాళములు ప్రాకిన కంట నితరుల కార్నియా నిలుచుట కష్టము; శరీరమున క్రొత్తదానిని త్రోసివేయు కణములు ఆ నాళముల దారినే వచ్చును.

కావున మన సంఘములు ఎరువు బస్తాలతోపాటు నూర్పుకండ్లద్దములను గూడ నుంచవలయునని నా యభిప్రాయము. చెమటకు మసకబాఱుననుట నిజమే, తుడుచుకొనవచ్చును. అంతకంటె ముఖ్యము, కళ్లము విడిచి వైద్యుని యొద్దకు పోవలసినవానికి ఆనాటి కూలి, దారిఖర్చులు వడ్డీలేని చేబదులుగా సంఘము ఈయవలయును. కన్ను గీచినవాడు నాలుగుదినములు ఆగునది చాలవఱకు ఈ రొక్కము కొఱకే.