కొండకర్ల ఆవలో కడపటి వేట

కార్తికమాసమున ఉత్తరదేశములనుండి వచ్చి మన తీరపు చెఱువులలో దిగు సూదితోక బాతులును, పరజలును ఫాల్గునము ముగియుసరికి తిరుగు ప్రయాణమునకు సిద్ధపడును. ఎలమంచిలికి చేరువనున్న కొండకర్ల ఆవయు వాని విడుదులలో నొకటి. వచ్చినది మొదలు పోవువరకును వానికి మనుష్యభయము తప్పదు గాని, మాఘ ఫాల్గునములలో జరుగు కడపటి వేట తక్కిన వేటలన్నిటికంటె నెక్కువ చేటు కలిగించునదని మా నిశ్చితాభిప్రాయము.

ఆవ యనగా నీరు నిలిచి, తుంగయు తామరయు పెరిగిన పల్లపు ప్రదేశమని ఈ ప్రాంతపు పాఠకులకు చెప్పనక్కరలేదు. కొండకర్ల, వాడ్రాపల్లి గ్రామములవారికి అది చేపలనిచ్చును, పశువులకు మేతనిచ్చును. జతగూర్చిన తాటిదోనెలపై బెస్తలు దానిలో తిరుగుచుందురు. కొల్లేటి తరువాత మన రాష్ట్రమున ముఖ్యముగా చెప్పుకొనదగిన మంచినీటి సరస్సు ఇదియే. దీని నీరు ఎన్నడును గడ్డకట్టదు. పక్షులు వచ్చుటకు అసలు కారణ మదియే. సైబీరియాలోను, మధ్య ఆసియాలోను చలి ముదిరి సరస్సులపై మంచు పలకవలె కప్పుకొన్నచో, అడుగుననున్న వేళ్ళును, గింజలును, పురుగులును బాతు ముక్కునకు అందవు. ఆకలియే వానిని వేలకొలది మైళ్ళు తరుముకొని వచ్చును. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు మన దేశమున కాళ్ళకు కడియములు తొడిగి విడిచిన బాతులు కొన్ని పిదప సోవియట్ భూములలో దొరకుటచేత ఈ రాకపోకలు ఊహ కాదని ధ్రువపడినది.

కడపటి వేట ఏల చెడ్డది? శీతకాలపు ఆరంభమున గుంపులో బలహీనములును, రోగగ్రస్తములును ఉండును. వేటకాడు పట్టకున్నను వానిలో కొన్ని ఎటులైనను చచ్చును. మాఘమాసము నాటికి మిగిలినవి గండములన్నియు గడచినవి. అంతేగాక పెక్కుజాతుల బాతులు చలికాలపు విడుదులలోనే జత కుదుర్చుకొనును. ఇప్పుడు ఒక ఆడుపక్షిని చంపిన, రానున్న వేసవిలో దూరపు తుంగపొదలో పొదుగబడవలసిన గ్రుడ్లను గూడ చంపినట్లే. దూరప్రయాణమునకై అవి కూర్చుకొన్న కొవ్వునే వేటకాడు కోరును, భోక్తయు మెచ్చును. ఇంతచేసి చిన్నజాతి పరజ యొక్కటి ఈకలతో తూచినను సామాన్యముగా అరకిలో ఉండదు.

మంచుదేశములవారును బాతులను వేటాడుదురు. చెఱువంతయు గడ్డకట్టి నడుమ కొంచెము నీరు మిగిలిన చోట పక్షులు క్రిక్కిరిసియుండగా, ఒడ్డున పొంచియుండి కాల్చుట వారికొక వినోదము. అయినను ఆ వినోదమునకు వారొక గడువు పెట్టుకొనిరి. 1916లో అమెరికాయు, కెనడా పక్షమున బ్రిటనును చేసికొన్న ఒప్పందము మార్చి 10 మొదలు సెప్టెంబరు 1 వరకు వేట నిషేధించినది. ఇప్పుడు అమెరికాలో బాతువేట సామాన్యముగా జనవరి నెలాఖరునకే ముగియును. 1934 మొదలు అచ్చటి వేటకాడు ఏటేట ఒక బాతుబొమ్మ స్టాంపు కొనవలెను; ఆ సొమ్ముతో చిత్తడినేలలు కొని కాపాడుచున్నారు. వేటను మెచ్చుకొనుటకు కాదు, వేటాడువాడు సైతము ఎచ్చట ఆగవలెనో చూపుటకే మేము దీనిని ఉదాహరించుచున్నాము.

మన దేశమున ఈ చట్టముల చరిత్ర వేఱు. 1912 నాటి వన్యపక్షి మృగ సంరక్షణ చట్టమున బాతుల పేరున్నది. అయినను 1938 నవంబరు 12న భరతపురమున వైస్రాయి లిన్లిత్‌గో ప్రభువు విచ్చేసిన వేటలో ఒక్క దినముననే 4,273 పక్షులు కూలినవి. ఆ లెక్కను ఘనకార్యముగా రాతిపై చెక్కించిరి! దొరచేతి తుపాకి క్రీడయు, పేదవాని చేతి వల దొంగతనమును అయిన ఆ దినములలో ప్రజలు అట్టి చట్టమును గౌరవింపకున్న ఆశ్చర్యము లేదు. నేడు ఆ సాకు చెల్లదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మన శాసనసభ్యులు చేసినది. మొదట దానియందును అనుమతిపత్రముతో బాతులను వేటాడు వెసులుబాటుండెను. 1991 సవరణ దానిని తీసివేసినది. 2022 సవరణ పిదప సామాన్యముగా ఈ నేరమునకు మూడేండ్ల వరకు చెఱ, లేదా లక్ష రూపాయల వరకు జుల్మానా, లేదా రెండును విధింపవచ్చును. వలపన్నుటయు, విషము పెట్టుటయు, అట్లు చంపిన పక్షిని కొని దాచుటయు నేరములే.

ఇచ్చట మా పాఠకులకు రుచింపని మాట యొకటి చెప్పక తప్పదు. తెల్లవారుజామున మోకాటిలోతు చల్లని నీట నిలిచి వల లాగువాడు పరజమాంసము తినుట అరుదు. దానిని తినువాడు మిద్దెయింటి గృహస్థుడు. అల్లుడు వచ్చినప్పుడో, అధికారి విడిది చేసినప్పుడో అడవిబాతు కూర వడ్డించి గొప్ప చెప్పుకొనువాడు. పట్టుబడినప్పుడు చెఱకు పోవువాడు మాత్రము వలవాడే. కొనువాడు లేనినాడు వల పన్నువాడుండడు. పక్షులు చేలో దిగి గింజ తినుచున్నవని భూస్వాములు చేయు ఫిర్యాదును మేము త్రోసిపుచ్చము. కాని కోతలు ముగిసిన మాఘమున ఆ ఫిర్యాదునకు బలము తక్కువ. అంతకంటె పెద్ద ప్రశ్న వారినే అడుగవలసియున్నది: వేసవిలో నీరు వెనుకకు తగ్గినకొలది గట్టు ముందుకు జరిపి, ఆవను అడుగు అడుగుగా చేనిలో కలుపుకొనినచో, వానకాలమున ఆ నీరు ఎవరి పొలము మీదికి పోవలెను?

చిలుకసరస్సు ఒడ్డున ఒరిస్సాలోని మంగళాజోడి గ్రామమువారు ఒకనాడు పక్షుల వేటకు పేరుమోసినవారు. 2000లో వారే శ్రీ మహావీర పక్షి సురక్షా సమితిని ఏర్పరచుకొని కావలివారైరి. నేడు పక్షులను చూడవచ్చువారిని పడవలపై త్రిప్పి జీవించువారు వారిలో నున్నారు. పక్షి ఎచ్చట మేయునో, ఎప్పుడు లేచునో వేటకాని కంటె బాగుగా నెఱిగినవాడు లేడు. ఆవలోని తాటిదోనెవాడును అట్టి నేర్పు గలవాడే. అటవీశాఖవారు కార్తికము మొదలు ఫాల్గునాంతము వరకు వీరిలో కొందఱను జీతమిచ్చి కావలి యుంచవలెను. ఎలమంచిలి పురపాలకసంఘమువారు మాంసపు అంగడులను ఈ నెలలలో స్వయముగా తనిఖీ చేయవలెను. ఆవ హద్దులను రెవిన్యూ శాఖవారు కొలిచి రాళ్ళు నాటించవలెను. ఆ కొలత నిండు వానకాలపు నీటిమట్టమును బట్టి జరుగవలెను గాని, వేసవిలో ఎండిన ఒడ్డును బట్టి కాదు.